ఆర్షియా అక్క ఆఖరి స్టాటిస్టిక్స్ పేపరు

ప్రొద్దుటూరు మోడంపల్లెలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆర్షియా అక్క డిగ్రీ కథ పదేళ్లుగా ఒక్క పేపరు దగ్గర ఆగిపోయి ఉండింది. పుట్టిల్లు జమ్మలమడుగు. బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చింది. భర్త మొయిన్ కువైట్లో డ్రైవరు. ఇంట్లో అత్త గుల్జార్‌బీ, అక్క, అంతే. పెళ్లయ్యాక కూడా అక్క చదువు వదల్లేదు. మిగిలిన పేపర్లు ఒక్కొక్కటే రాసి గట్టెక్కింది. స్టాటిస్టిక్స్ మాత్రం మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పింది.

పోయినేడు యూనివర్సిటీ వాళ్లు పాత సిలబస్ వాళ్లకు ఇదే ఆఖరి అవకాశమని చెప్పేశారు. ఈసారి తప్పితే పాసైన పేపర్లన్నీ కూడా లెక్కలోకి రావు. డిగ్రీ మొత్తం పోయినట్టే.

అక్క మా వీధి చివరి ఆడపిల్లల బడిలో ఎల్‌కేజీ పిల్లలకు అంకెలు దిద్దిస్తుంది. నిజానికి ఆమెకు పెద్ద పిల్లలకు లెక్కలు చెప్పాలని ఆశ. బడి నడిపే అమీనాబీ మేడం ఆ మాటే అంది. "డిగ్రీ పట్టా తెచ్చి నా టేబుల్ మీద పెట్టు ఆర్షియా, ఏడో తరగతి లెక్కలు నీకే ఇస్తా. అంతవరకూ నన్నడగొద్దు." అందుకే ఈ ఆఖరి పేపరు అక్కకు చావోరేవో అయింది.

మా తాత యజ్ఞనారాయణ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒకరోజు సాయంత్రం ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉండగా గుల్జార్‌బీ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"సారూ, మా కోడలికి పాసయ్యే మందేమన్నా ఉంటే ఇయ్యండప్పా. ఇంట్లో ఉప్పు డబ్బా మీద గూడా లెక్కలు రాస్తాంది."

"మందు ల్యా గుల్జార్‌బీ. రోజూ సాయంత్రం పంపియ్యి చాలు," అన్నాడు తాత. తర్వాత అక్క వైపు తిరిగాడు. "యాడ తప్పుతాండావో తెలుసా అమ్మా?"

"అదే తెల్దు సార్. ఫార్ములాలన్నీ వచ్చు. రాసొచ్చినంక పాసైతా అనే అనుకుంటా. రిజల్ట్ జూస్తే ఫెయిలు. పేపరు వెనక్కి ఇయ్యరు కదా, యాడ పోయిందో ఎట్ల తెలుస్తాది?"

"అయితే మొదటినుంచి జూద్దాం. లాగరిథమ్స్‌తో మొదలుపెట్టు."

గుల్జార్‌బీ కళ్లు పెద్దవి చేసింది. "లాగులా? కుట్టు మిషనేదీ?"

తాతకు నవ్వాగలేదు. అక్క తల కొట్టుకుంది. "అత్తా, నువ్వింటికి పో."

"పోను. మా కోడలు ఈడ ఏం జేస్తాందో నాకు తెలియొద్దా?" అని ఆమె గడప మీదే కూర్చుంది. ఆ రోజునుంచి రోజూ అక్కడే కూర్చునేది, చింతపండు గింజలు తీస్తూనో బియ్యం ఏరుతూనో.

లాగరిథమ్స్ అక్క బాగానే చేసింది. ఒక్కచోటే చిక్కుపడింది. సున్నా పాయింట్ సున్నా సున్నా నాలుగు ఏడు రెండు లాంటి చిన్న సంఖ్య వస్తే, లాగ్‌లో మూడు మీద అడ్డగీత పెట్టి పక్కన .6739 రాయాలి. ఆ గీతనే బార్ అంటారు. అక్క మొత్తాన్నీ మైనస్ చేసేసేది.

తాత లేచి మా ఇంటి మెట్ల మీదకు వెళ్లాడు. "చూడు. మూడు మెట్లు కిందికి దిగినా. అది బార్ మూడు. ఈడ నిలబడి చెయ్యి పైకెత్తినా. ఈ చెయ్యి పాయింట్ ఆరు ఏడు మూడు తొమ్మిది. దిగింది కిందికే, చెయ్యెత్తింది మాత్రం పైకే. చేతిని గూడా ఎందుకు కిందికి గుంజుతావు?"

"అయ్యో, ఇంతేనా సార్!"

"ఇంతే."

మర్నాటికల్లా అక్క వంటింటి గోడకు లాగ్ పట్టిక జెరాక్సు అంటించేసింది. రొట్టెలు కాలుస్తూ ఒక సంఖ్య అనుకోవడం, పట్టికలో వేలుతో వెతకడం, పిండి అంటిన వేలి ముద్రలు పట్టిక నిండా. వారం తిరిగేసరికి బార్ ఎక్కడా తప్పలేదు.

తర్వాత హైపాతసిస్ టెస్టింగ్. తాత చెప్పే పద్ధతి నాకు భలే ఇష్టం. "ముందు ఏం తేడా ల్యా అనుకో. అదే నల్ హైపాతసిస్. ఆ మాట నిలబడదని గట్టి సాక్ష్యం దొరికితేనే దాన్ని కొట్టెయ్యాల. సాక్ష్యం చాలకపోతే దాన్ని అట్లే ఉండనియ్యాల."

అక్క గడప వైపు ఓరగా చూసింది. "అంటే మా అత్త మాట మాదిరి సార్. శానా గట్టి సాక్ష్యం ఉంటే గాని కొట్టెయ్యలేం."

"ఏందమ్మే?" అంది గుల్జార్‌బీ, చేతిలో చాట ఆపి.

"నిన్ను పొగుడుతాండా అత్తా."

పెద్ద శాంపిళ్ల లెక్కలు అక్క చకచకా చేసింది. నాలుగు వందల మందిని అడిగారు, తొమ్మిది వందల బల్బులు పరీక్షించారు, అలాంటివి ఎన్ని ఇచ్చినా జవాబు సరిగ్గా వచ్చేది. తాతకే అనుమానం వచ్చింది. "ఇంత బాగా జేసే మనిషి మూడుసార్లు ఎట్ల తప్పింది సింధూ?" అని నన్ను అడిగాడు.

చిన్న శాంపిళ్లు, అంటే టీ-టెస్ట్, మొదలుపెట్టిన రోజు సంగతి బయటపడింది.

తాత అప్పటికప్పుడు ఒక లెక్క అల్లాడు. యాభై గ్రాములని చెప్పి అమ్మే బిస్కెట్ ప్యాకెట్లు పదింటిని తూచారు. బరువులు 52, 48, 51, 53, 49, 54, 50, 52, 51, 50. కంపెనీ మాట నిజమేనా కాదా?

అక్క గబగబా చేసింది. "టీ విలువ మూడు పాయింట్ సున్నా రెండు సార్. పట్టికలో ఉండేది రెండు పాయింట్ మూడు సున్నా ఆరు. మనది ఎక్కువ. కంపెనీ మాట కొట్టేస్తాండా."

తాత కళ్లజోడు సవరించుకున్నాడు. "కొట్టెయ్యకూడదే. సగటెంత వచ్చింది?"

"యాభై ఆరు పాయింట్ ఆరు ఏడు."

"ఆ ప్యాకెట్లలో అన్నిటికన్నా బరువైంది ఎంత?"

"యాభై నాలుగు."

"అన్నిటికన్నా పెద్దదే యాభై నాలుగైతే, సగటు యాభై ఆరు దాటి యాడికి పోయిందమ్మా? గుంపును ఇడిచిపెట్టి?"

అక్క పేపరు దగ్గరికి లాక్కుంది. మళ్లీ కూడింది. మొత్తం 510. అది సరిగ్గానే ఉంది. "తొమ్మిదితో భాగిచ్చినా సార్. అదీ సరిగ్గానే ఉంది."

"తొమ్మిదేంది? పది ప్యాకెట్లు కదా?"

"మీరు పది అన్న్యారా? నేను పేపరు మీద ఎంచుకున్యా సార్. తొమ్మిదే వచ్చినాయి."

"మళ్లీ ఎంచు."

పెదాలు కదుపుతూ, ఒక్కో అంకె మీద వేలు పెడుతూ ఎంచింది. "తొమ్మిది సార్."

నేను ఎంచాను. పది. తాత ఎంచాడు. పది. అక్క మూడోసారి ఎంచింది. తొమ్మిది. గడప దగ్గర గుల్జార్‌బీ కూడా లేచి వచ్చింది.

"బయటికి ఎంచమ్మా, గట్టిగా," అన్నాడు తాత.

అక్క మొదటి అంకె, 52 మీద వేలు పెట్టింది. "బర్కత్." తర్వాత 48 మీద. "ఒకటి." 51 మీద. "రెండు..."

చివరి 50 దగ్గరికొచ్చేసరికి తొమ్మిది అయింది.

అక్కకే ముందు తట్టింది. వేలు తిరిగి మొదటి అంకె మీదకు తీసుకెళ్లి అలాగే ఉంచేసింది. ముఖం ఎర్రబడింది.

"మా నాయన సార్," అంది మెల్లగా.

అక్క వాళ్ల నాయన చాంద్ బాషాకు జమ్మలమడుగులో వేయించిన శనక్కాయల అంగడి ఉంది. బండ్ల మీద అమ్ముకునేవాళ్లు శేర్ల లెక్కన కొనుక్కుపోతారు. మొదటి శేరు పోసేటప్పుడు ఆయన "బర్కత్" అంటాడు, ఇంట్లో ఎప్పుడూ సమృద్ధి ఉండాలని. అది కొనేవాళ్లకు ఊరికే వచ్చే కొసరు, లెక్కలోకి రాదు. రెండో శేరునుంచి ఒకటి, రెండు అని మొదలవుతుంది. అక్క ఆరేళ్లప్పటినుంచి ఆయన పక్కన కూర్చుని అలాగే ఎంచింది. దేన్ని ఎంచినా ముందు నోట్లో బర్కతే. అదీ బయటికి వినపడకుండా.

ఎన్ని ఉన్నాయో ప్రశ్నలోనే చెప్పేస్తే ఏ ఇబ్బందీ లేదు. అందుకే పెద్ద శాంపిళ్లు తప్పలేదు. అంకెలు వరసగా ఇచ్చి నువ్వే ఎంచుకో అంటే మాత్రం ఒకటి తగ్గేది. స్టాటిస్టిక్స్ పేపర్లో సగం లెక్కలు అలాంటివే.

"మూడుసార్లు," అంది అక్క. "మూడుసార్లూ దీనికేనా సార్ నేను పోయింది?"

"ఏడవద్దు. ఇప్పుడు దొరికింది కదా."

"ఏడుస్తాండానా? నవ్వొస్తాంది సార్." నిజంగానే నవ్వింది, కళ్లలో నీళ్లతో. "నాకు లెక్కలు రావనుకున్యా. వచ్చు సార్ నాకు! ఎంచడం ఒకటే రాదు!"

గుల్జార్‌బీ ముక్కు మీద వేలేసుకుంది. "యా అల్లా! ఎల్‌కేజీ పిల్లలకు ఒకటి రెండు నేర్పేది ఈ పిల్లేనా!"

తప్పు దొరికింది గానీ నోరు మాట వినలేదు. బడిలో పిల్లలకు గట్టిగా చెప్పేటప్పుడు ఒకటితోనే మొదలుపెట్టేది. తనకు తాను లోపల ఎంచుకుంటే మాత్రం మళ్లీ బర్కతే. పదిహేను రోజుల్లో పరీక్ష. తొందరలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ తప్పుతోంది. దానికితోడు ఇంకో బెరుకు. బర్కత్ అనకుండా ఎంచితే ఏదో పోతుందని మనసులో ఎక్కడో ఉంది. గుల్జార్‌బీ కూడా అదే అంది. "బర్కత్ ఇడిచిపెడితే ఇంటికి మంచిది గాదు మే. ఆలోచించుకో."

ఆదివారం అక్క జమ్మలమడుగు బస్సెక్కింది. నన్నూ రమ్మంది. అంగట్లో వేడి శనక్కాయల వాసన, పొట్టు గాలికి లేస్తోంది. చాంద్ బాషా మామ సంగతంతా విని చేతిలోని శేరు కింద పెట్టాడు.

"బర్కత్ శేరు ఎవురిది మే?"

"కొనేవాళ్లది."

"ఇచ్చేది ఎవురు?"

"మనం."

"అది మనం చేత్తో ఇచ్చేది. ఆ లెక్కలో నువ్వెవురికి ఇస్తాండావు? ఆ పుస్తకమాయప్ప పది ఇస్తే ఒకటి తీసి దాచిపెట్టి తొమ్మిదే అంటాండావు. అది బర్కత్ ఎట్లయితాది? చెయ్యివాటమయితాది."

అక్క పక్కున నవ్వింది. "మరి నోరు ఊరుకోల్యా నాయనా."

"ఊరుకుంటాదిలే. రా, ఈడ కూచో. ఈ పొద్దు బేరాలన్నీ నువ్వే కొలువు. ఒకటినుంచి ఎంచు."

అక్క శేరు చేతిలోకి తీసుకుంది. మొదట వచ్చింది జిలానీ, బస్టాండు దగ్గర బండి మీద శనక్కాయలు అమ్మే మనిషి. ఎనిమిది శేర్లు కావాలన్నాడు. అక్క పళ్లు బిగబట్టి "ఒకటి" అని పోసింది. జిలానీ సంచి మూతి గుప్పిట్లో మూసేశాడు.

"ఏం మే, బర్కత్ యాడపాయె?"

"ల్యా మామా, ఒకటినుంచి ఎంచాల నేను."

"ఎవురు జెప్పిరి?"

"యూనివర్సిటీ."

"ఓ చాంద్ బాషా! నీ కూతురు చదువుకోను పోయి నా శేరు మింగేసిందప్పా!"

చాంద్ బాషా మామ లోపల్నుంచి అరిచాడు. "మింగల్యా లేప్పా! ఎనిమిదీ పోసినంక చివర్లో ఏస్తాది. ముందు లెక్క, తర్వాత బర్కత్!"

ఆ మాట విని అక్క చెయ్యి ఆగింది. తర్వాత రెండు, మూడు అని ఎనిమిది దాకా గట్టిగా ఎంచి పోసి, చివర్న ఇంకో శేరు నిండుగా తీసి "బర్కత్" అని సంచిలో గుమ్మరించింది. జిలానీ సంచి ఎత్తి బరువు చూసుకుని, "సరేలే, ఎట్లిచ్చినా వచ్చాది కదా," అని నవ్వుకుంటూ పోయాడు.

సాయంత్రం దాకా అక్క కొలిచింది. ఎంచడం పూర్తయ్యాక చివర్న బర్కత్. ఒక్కోసారి మొదట్లోనే నాలుక మీదికి వచ్చేది. మింగేసేది. పొద్దు గూకేసరికి ఎంచడం కుదురుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కరెంటు స్తంభాలు ఎంచుతూ, ఊరొచ్చినప్పుడల్లా "బర్కత్" అని ముగించేది. పక్కన కూర్చున్న పెద్దాయన ఆమెను చూసి కొంచెం జరిగి కూర్చున్నాడు.

తర్వాతి రోజుల్లో తాత ఇంకో అలవాటు చేయించాడు. ఏ లెక్కైనా సరే, సగటు రాగానే ముందుకు పోకూడదు. ఆగి, ఆ సగటు చిన్న అంకెకూ పెద్ద అంకెకూ మధ్యలో ఉందా లేదా చూడాలి. "సగటు గుంపులో ఉండాల. బయట తిరుగుతాందంటే నువ్వు యాడనో తప్పినట్టు," అనేవాడు. తాత లెక్కల్లో కావాలనే తప్పు మొత్తాలు ఇచ్చేవాడు. అక్క పట్టేసేది. పట్టేసినప్పుడల్లా చప్పట్లు కొట్టుకునేది, చిన్నపిల్లలా.

పరీక్ష పులివెందులలో. పొద్దున్నే ముద్దనూరు మీదుగా బస్సులో అక్క, నేను, గుల్జార్‌బీ. "నువ్వెందుకు అత్తా, ఎండల్లో," అని అక్క ఎంత చెప్పినా ఆమె వినలేదు. "మూడుసార్లు నేను రాల్యా, మూడుసార్లూ పాయె. నాలుగోసారి వచ్చి జూస్తా. ఇది గూడా ఒక పరీచ్చే గదా సింధూ?"

"అవును అవ్వా, శాంపిలు మాత్రం శానా చిన్నది."

అక్క హాల్లోకి వెళ్లాక మేమిద్దరం కాలేజీ గోడ నీడన కూర్చున్నాం. అరటిగెలల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. గుల్జార్‌బీ వేళ్ల కణుపుల మీద ఏదో చదువుకుంటోంది. ఈ పేపర్లో వరస అంకెలు ఉంటాయని నాకు తెలుసు. అక్క చెయ్యి తొందరలో మళ్లీ పాత దారి పడితే? ఇంకో అవకాశం లేదు.

మూడు గంటల తర్వాత గంట కొట్టారు. పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి వచ్చారు. అక్క అందరికంటే చివర వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. నేరుగా వచ్చి నా చేతిలో నీళ్ల సీసా లాక్కుని సగం తాగేసింది.

"ఏమయింది మే, చెప్పు!" అంది గుల్జార్‌బీ.

"పన్నెండు అంకెలిచ్చినారు అత్తా. టీ-టెస్టు."

"అయితే?"

"ఎంచినా. పన్నెండు. మళ్లీ వెనకనుంచి ఎంచినా. పన్నెండే." మా ఇద్దరికీ ఊపిరి వచ్చింది. "అంతా జేసి సగటు తీస్తే సింధూ, పెద్ద అంకె కంటే ఎక్కువొచ్చింది."

"అక్కా!"

"మళ్లీ ఎంచడమే తప్పిందనుకున్యా. మూడోసారి ఎంచినా. పన్నెండే. అప్పుడు మొత్తం మీద పడినా. పక్కనాయప్ప పేపర్లు కట్టుకుంటాండాడు, సారు టైమైపోయిందని అరుస్తాండాడు. జూస్తే ఏంది, కూడేటప్పుడు పన్నెండంకెల్లో ఒక్కటి తిరగేసి ఎక్కిచ్చినా. ముప్పై ఏడుకి డెబ్బై మూడు! సరిజేసి, సగటు తీసి, టీ తీసి, చివర మాట రాసినా. గీత గీసేలోపల సారు గుంజుకున్యాడు."

"చివర మాట రాసినావు కదా?"

"రాసినా. కొట్టెయ్యడానికి సాక్ష్యం చాలల్యా అని రాసినా." అప్పుడు నవ్వింది. "బార్ గూడా వచ్చింది. మెట్లు దిగి చెయ్యెత్తినా."

గుల్జార్‌బీకి సగం అర్థం కాలేదు. అయినా కోడలి తల చుట్టూ రెండు చేతులూ తిప్పి దిష్టి తీసి మెటికలు విరిచింది.

ఫలితాలు నెల తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చాయి. మా వసారాలోనే చూశాం. సైటు తెరుచుకోదు, తెరుచుకుంటే నంబరు అడుగుతుంది, నంబరు కొడితే మళ్లీ మొదటికొస్తుంది. అక్క నా వెనక నిలబడి నా భుజం గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగేలా. మొయిన్ అన్న కువైట్ నుంచి వీడియో కాల్లో ఉన్నాడు. "ఏమాయె, ఏమాయె?" అని అడుగుతూనే ఉన్నాడు. మా అవ్వ కమలాంబ దేవుడి గదిలోంచి తొంగి చూస్తోంది.

పేజీ తెరుచుకుంది.

"పాస్," అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను, "అక్కా, పాస్!"

అక్క భుజం వదల్లేదు. "మళ్లీ చూడు. పేరు చూడు."

పేరు అదే. నంబరు అదే. తాత కళ్లజోడు పెట్టుకుని తనూ చదివాడు. డెబ్బై ఐదుకి అరవై ఒకటి.

అప్పుడు అరిచింది అక్క. వీధంతా వినిపించేలా అరిచింది. ఫోన్లో మొయిన్ అన్న ఎవరినో పట్టుకుని గెంతుతున్నాడు, తెర అంతా ఊగిపోతోంది. మా అవ్వ చక్కెర డబ్బా తెచ్చి అందరి నోట్లో ఒక్కో చెంచా పోసింది.

గుల్జార్‌బీ మాత్రం నిదానంగా అడిగింది. "ఎంతకెంత అంటిరి?"

"డెబ్బై ఐదుకి అరవై ఒకటి అత్తా!"

"మిగతా పద్నాలుగు ఎవురు తిన్యారు?"

తాత నవ్వి నవ్వి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అక్క అత్తను రెండు చేతులా ఎత్తేసింది. "దించు మే, నడుము పోతాది, దించు!" అని ఆమె అరుస్తూనే కోడలి బుగ్గ గట్టిగా గిల్లింది. దిగీ దిగగానే కొంగు సర్దుకుని వీధిలోకి నడిచింది. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, "మా కోడలు డిగ్రీ. లెక్కల్లో," అని చెప్పుకుంటూ వీధి చివరి దాకా పోయింది.

పట్టా చేతికి వచ్చిన రోజే అక్క దాన్ని తీసుకెళ్లి అమీనాబీ మేడం టేబుల్ మీద పెట్టింది. మేడం దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, తన డ్రాయరు లాగి సుద్దముక్కల డబ్బా తీసి చేతికిచ్చింది. "పైన, ఎడమ పక్క గది. నలభై మంది ఉండారు. అల్లరి పిల్లోళ్లు, చెప్తాండా."

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు నేను అటుగా పోతూ వీధిలో ఆగాను. పైగది కిటికీలు తెరిచి ఉన్నాయి. లోపల నలభై మంది ఆడపిల్లల గోల. అంతలో బల్ల మీద డస్టరు చప్పుడు, ఆపైన ఆర్షియా అక్క గొంతు.

"కూచోండి అందురూ. లెక్కలంటే భయమనే వాళ్లు చేతులెత్తండి."

గోల ఆగిపోయింది.

"శానా మంది ఉండారే! మంచిది. చేతులెత్తినోళ్లంతా ముందు బెంచీల్లోకి రాండి."

బెంచీలు జరుగుతున్న చప్పుడు వీధిలోకి వినిపించింది.